పండుగనాడు మలీద తింటే డైట్ పాడైతదా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగానికి పైగా ఒకటే సంగతి. బరువు తగ్గాలని చక్కెర బంద్ పెట్టినం, అన్నం తగ్గించినం, మంచిగనే నడుస్తుంది, కానీ ముంగట పండుగ ఉంది, దావత్ ఉంది, ఎప్పుడన్న ఒకసారి నోరు తీపి చేస్కుంటే ఏమన్న అయితదా అని. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, సూర్యాపేట, దేవరకొండ దిక్కు నుంచి కూడా వచ్చినయి. అందుకే ఈ పేజీ మొత్తం దీనికే ఇస్తున్న.

అక్కా, నేను నల్లగొండల ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. నాలుగు నెలల నుంచి తక్కువ కార్బ్, అంటే పిండిపదార్థం తగ్గించిన డైట్ చేస్తున్న. పొద్దుగాల రెండు గుడ్లు, మధ్యాహ్నం కూరగాయలు, చికెన్ లేకుంటే పనీర్, కొద్దిగ పప్పు, రాత్రికి ఒక చిన్న జొన్న రొట్టె. 78 కిలోల నుంచి 71కి వచ్చిన. పోయినేడు కూడా ఇట్లనే చేస్తుంటే సద్దుల బతుకమ్మ నాడు మలీద (రొట్టె, బెల్లం, నెయ్యి పిసికిన ముద్ద), సత్తు, పులిహోర తిన్న, తెల్లారి తూకం చూస్తే కిలోన్నర పెరిగింది, ఇంక అంతా పాయె అని డైట్ ఇడిచిపెట్టిన. ఈసారి అసలు ముట్టొద్దా? వద్దంటే మా అత్తమ్మ బాధపడతది.

చెల్లె, ముట్టుకో, కడుపునిండ కాకున్నా మనసునిండ తిను. పోయినేడు నిన్ను భయపెట్టిన ఆ కిలోన్నర కొవ్వు కాదు. ఒంట్లె ఒక కిలో కొవ్వు చేరాలంటే మనకు అవసరమైనదాని మీద ఇంకో 7,700 కేలరీలు తినాలె, అంటే కిలోన్నరకు పదకొండు వేల పైనే. పెద్ద నిమ్మకాయంత మలీద ముద్దల ఎంత నెయ్యి పోసినా నూటయాభై, రెండువందల కేలరీలకు మించదు. నువ్వు ఆ రాత్రి యాభై అరవై ముద్దలు తిన్నవా? తినలే కదా. మరి తూకం ఎందుకు పెరిగిందంటే, మనం తిన్న పిండిపదార్థంల కొంత గ్లైకోజన్ అనే రూపంల కాలేయంల, కండరాలల్ల దాచుకుంటది ఒళ్లు, ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతోటి సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతది. నాలుగు నెలల నుంచి కార్బ్ తక్కువ తింటున్నవు కాబట్టి నీ ఒంట్లె ఆ నిల్వ సగం ఖాళీగ ఉంటది, ఒక్కసారి పులిహోర, మలీద పడంగనే అది నిండుతది, దాని ఎంబడి నీళ్లు వస్తయి, పులిహోరల ఉప్పు కూడా ఇంకొన్ని నీళ్లు ఆపుతది. డైట్ మొదలుపెట్టిన మొదటి వారంల రెండు మూడు కిలోలు జర్రున తగ్గితే మనం సంబురపడతం చూడు, అప్పుడు పోయింది కూడా ఎక్కువ ఈ నీళ్లే. వచ్చేటప్పుడు ఏడ్వాల్సిన పని లేదు, మళ్ల మామూలు తిండికి వస్తే మూడు నాలుగు రోజులల్ల అవే పోతయి. అందుకే దసరా అయ్యేదాంక, ఆ తర్వాత ఇంకో నాలుగైదు రోజులు కూడా, ఆ తూకం మిషన్ మంచం కిందికి నూకెయ్.

ఇంక ఎట్ల తినాలె అన్నది. బతుకమ్మ తొమ్మిది రోజులు, అలిగిన బతుకమ్మ నాడు తప్ప రోజూ ఏదో ఒక నైవేద్యం ఉంటది. అటుకులు బెల్లం, ముద్దపప్పు బెల్లం పాలు, నానబెట్టిన బియ్యం, అట్లు, వేపకాయల తీరు చేసిన పిండివంట, వెన్నముద్దలు, ఆఖరికి సద్దులు. ఎనిమిది రోజులు కూర్చుని తింటే మాత్రం అది అప్పుడప్పుడు తినుడు కాదు, డైట్ ఆగినట్టే. కాబట్టి ముందుగాలనే నీకు ప్రాణమైనవి రెండు రోజులు పెట్టుకో. నన్నడిగితే వెన్నముద్దలు, సద్దులు, ఎందుకంటే నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన ముద్దల నూనె గింజలే ఎక్కువ, నానేబియ్యంకన్న కార్బ్ మస్తు తక్కువ. మిగతా రోజులు గౌరమ్మ ముంగట పెట్టిన ప్రసాదం తులసాకంత కళ్లకద్దుకుని నోట్లె వేస్కో, అత్తమ్మకు కూడా తృప్తి.

సద్దుల నాడు ఐదు తీర్ల సద్ది చేస్తరు గదా, పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. అన్నీ అన్నమే. నువ్వుల సద్ది, పెరుగు సద్ది రెండు రెండు స్పూన్లు చాలు, కడుపుల జాగా మలీదకు ఉంచు. మలీదల ఉన్న గొప్పతనం ఏందంటే అది వేడి మీద చెయ్యాలె, రొట్టె పెంక మీద నుంచి దిగంగనే చేతులు కాలుతున్నా తునకలు చేసి బెల్లం వేసి పిసికితేనే బెల్లం రొట్టెలకు ఇంకుతది, మీద కరిగిన నెయ్యి, ఇలాచి పొడి. ఆ బెల్లం కొద్దిగ తగ్గించి, వేయించిన పల్లీలు నువ్వులు కచ్చాపచ్చాగ దంచి ఎక్కువ కలుపుమని అత్తమ్మకు చెప్పు, రుచి తగ్గదు, ముద్ద కూడా గట్టిగ వస్తది. సత్తుల కూడా మొక్కజొన్న, బియ్యం సత్తు కన్న పల్లీ సత్తు, నువ్వుల సత్తు నీకు మంచిది.

ఒకటి గమనించు, మన పెద్దోళ్లు సత్తు, మలీద ఎప్పుడు పంచుతరు? చెరువు కాడ బతుకమ్మలను సాగనంపినంక. అంటే రెండు మూడు గంటలు చప్పట్లు కొట్టుకుంట వంగుకుంట తిరుగుకుంట ఆడినంక. ఆడి అలిసిన కండరాలు రక్తంల చక్కెరను తొందరగ గుంజుకుంటయి. కాబట్టి ఇంట్ల పొద్దుగాల పొయ్యి కాడ రుచి చూసుకుంట తినేదానికన్న, బయలెల్లే ముందు ఒక గుడ్డో, కూరో, పెరుగో తిని పోయి, ఆడి, ఆడినంక నలుగురితోటి కూర్చుని తిను. అదే ముద్ద, కానీ ఒంటికి వేరే లెక్క.

అసలు నష్టం ఎక్కడ జరుగుతదో చెప్పాల్నా? పండుగ ఒక్కనాడు, డబ్బా పదిరోజులు. మిగిలిన మలీద స్టీల్ డబ్బల పెట్టి అర్ర మూలకు పెడతం, స్కూల్ నుంచి రాంగనే ఒకటి, చాయ్‌తోటి ఒకటి, టీవీ ముంగట ఒకటి, అప్పుడు పండుగా లేదు, రుచీ తెల్వదు. ఆ డబ్బ తెల్లారే ఖాళీ కావాలె. నీతోటి పనిచేసే టీచర్లకు, ఇంట్ల పనికొచ్చే అమ్మకు, పక్కింటి పిల్లలకు పంచెయ్. ఇది ఒక్కటి చేస్తే మిగతా ఏది అటు ఇటు అయినా ఫరక్ పడదు.

మేడమ్ గారు, నాది మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర మొబైల్ షాప్. అన్నం ఒక్కపూటనే, స్వీట్ ఇంట్లకు రానియ్య. చాయ్ మాత్రం ఆరు అయితయి, అది కూడా బెల్లం చాయే. రెండు నెలలైనా బరువు కదలట్లే. ఆదివారం సాయంత్రం మిర్చి బజ్జి, జిలేబి తింట, మా ఇంటామె దాన్నే తిడుతుంది. అది బంద్ చెయ్యాల్నా?

అన్నా, ఆదివారం సంగతి తర్వాత, మొదలు చాయ్ లెక్క చూద్దాం. ఒక చాయ్‌ల రెండు చెంచాల బెల్లం అనుకుంటే సుమారు ఎనిమిది నుంచి పది గ్రాములు, ఆరు చాయ్‌లకు యాభై, అరవై గ్రాముల దాకా అయితది, ఇది దినాం. మన తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన సూచనలల్ల చక్కెర రోజుకు 20–25 గ్రాములు దాటొద్దని ఉంది, అది డైట్ చెయ్యని మామూలు మనిషికి కూడా. గట్టిగ కార్బ్ తగ్గించేటోళ్లు రోజు మొత్తం తిండిల యాభై గ్రాముల లోపే ఉంటరు, అంటే మీ చాయే ఒక రోజు కోటా అంతా తాగేస్తుంది, అన్నం, పప్పు, కూర ఇంకా లెక్కలకే రాలే.

బెల్లం కాబట్టి పర్వాలేదన్న మాట మాత్రం మనసుల నుంచి తీసెయ్యాలె. బెల్లంల కొద్దిగ ఇనుము, ఖనిజాలు ఉంటయి, నిజమే, రుచి కూడా బాగుంటది, కానీ అందుల ఎక్కువ భాగం చక్కెరనే, కేలరీలు కూడా దాదాపు అంతే. తేనె కూడా అంతే, తాటి బెల్లం కూడా అంతే. చక్కెర మానేసి బెల్లం పట్టుకున్నోళ్లు చాలామంది ‘ఇది మంచిదే కదా’ అని ఇంకో అర చెంచా ఎక్కువ వేసుకుంటరు, ఇది నేను రోజూ చూస్తున్న.

ఆరు చాయ్‌లు ఒక్కసారి బంద్ పెడితే తలనొప్పి వస్తది, షాప్‌ల కస్టమర్ మీద చిరాకు పడతరు. మొదటి వారం చాయ్‌కి ఒకటిన్నర చెంచా, ఆ తర్వాత ఒకటి, ఆ తర్వాత అర, ఇట్ల దిగండ్రి. నాలుక రెండు మూడు వారాలల్ల అలవాటు పడతది, ఒక నెల పోయినంక పాత చాయ్ ఇస్తే మీకే వెగటు పుడతది. చాయ్‌లు కూడా ఆరు నుంచి మూడుకు తెండ్రి, పాలల్ల కూడా వంద మిల్లీలీటర్లకు ఐదు గ్రాముల దాకా పాల చక్కెర ఉంటది. అల్లం, ఇలాచి దంచి వేస్తే తీపి లేని లోటు కొంత కప్పుతది. హోటల్ చాయ్ అయితే ముందే చక్కెర కలిపి మరిగిస్తరు కాబట్టి వేరే పెట్టుమని చెప్పాలె, తెలిసిన హోటలే కదా, పెడతరు.

ఇంక ఆదివారం. బజ్జి, జిలేబి రెండిట్ల ఒకటి పట్టుకోండ్రి, ఒక వారం అది, ఒక వారం ఇది. జిలేబి అయితే కళ్ల ముంగట పాకంల నుంచి తీసింది, వేడిది, ఒకటి, మీరు మీ ఇంటామె కలిసి నిలబడి తినండ్రి, పావుకిలో కట్టించుకుని ఇంటికి తేవద్దు. వారానికి ఒక్క జిలేబితోటి బరువు ఆగదు, దినాం ఆరు బెల్లం చాయ్‌లతోటి ఆగుతది.

అక్కా, మాది బాలానగర్ పక్కన ఊరు. సీజన్ వచ్చిందంటే ఇంటి ముంగట సీతాఫలాల గంపలే. డైట్ చెప్పినాయన పండ్లు కూడా వద్దన్నడు. బిస్కెట్ మానొచ్చు, సీతాఫలం ఎట్ల మానాలె?

మానొద్దు తమ్మి. బాలానగర్ సీతాఫలం పేరుతోటి దేశమంతా మొక్కలు పెట్టుకుంటుంటే ఆ మట్టిల పుట్టినోడివి నువ్వు మానుడేంది. కానీ లెక్క తెలిసి తిను. సీతాఫలం గుజ్జు వంద గ్రాములల్ల పిండిపదార్థం, చక్కెర కలిపి ఇరవై గ్రాముల పైనే ఉంటది, అంటే ఒక మంచి సైజు పండు తింటే దగ్గర దగ్గర ఒక చిన్న రొట్టె తిన్నట్టే. కాబట్టి ఆ పూట రొట్టె తీసెయ్, కూర, గుడ్డు, పెరుగు మాత్రం తిని, దాని మీద ఒక పండు తిను. రొట్టె తిన్నంక మీద పండు తినుడు వేరు, రొట్టెకు బదులు పండు తినుడు వేరు. గింజ గింజ ఊసుకుంట తినే పండు కాబట్టి తొందరపడితే కాదు, అది కూడా ఒక మేలు. గుజ్జు తీసి మిల్క్‌షేక్ చేసుడు, ఐస్‌క్రీంల కలుపుడు మాత్రం వద్దు, రెండు మూడు పండ్లు ఒక్క గ్లాసుల పోతయి, మీద చక్కెర వేరే.

ఎండకాలం కొల్లాపూర్ మామిడి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి, వంద గ్రాములకు పదిహేను గ్రాముల దాకా ఉంటది, అర పండు కోసుకుని తిను, మామిడి రసం పిండుకుని అన్నంలకు వద్దు. మన నల్లగొండ బత్తాయిల ఇంకా తక్కువ ఉంటది, తొనలు ఒలుసుకుని తినాలె, జ్యూస్ పడితే మూడు నాలుగు కాయలు పోయి పీచు అంతా చెత్తబుట్టల పడతది. జామకాయ అన్నిటికన్న నెమ్మది, పీచు మస్తు ఉంటది, దొరికినన్ని రోజులు తిను. లేత తాటిముంజలల్ల నీళ్లే ఎక్కువ, భయం లేదు.

సీజన్‌ల వచ్చి పోయే పండు రెండు నెలలే ఉంటది. పన్నెండు నెలలు షాప్‌ల దొరికే బిస్కెట్‌ను మానేసినవంటే అసలు పని అయిపోయింది.

నేను వనపర్తి అబ్బాయిని, హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. ఆన్‌లైన్‌ల షుగర్‌ఫ్రీ లడ్డు, కీటో బిస్కెట్, మిల్లెట్ కుకీస్ దొరుకుతున్నయి, ఇవి రోజూ తినొచ్చా? డార్క్ చాక్లెట్ సంగతి ఏంది?

తమ్మి, ముంగట రాసింది చదువకు, ప్యాకెట్ తిప్పి వెనక చదువు. షుగర్‌ఫ్రీ అని రాసిన దాంట్ల చక్కెర ఉండకపోవచ్చు, మైదా ఉండొచ్చు, ఖర్జూర పేస్ట్ ఉండొచ్చు, మాల్టిటాల్ అనే తీపి ఉండొచ్చు. మైదా కడుపులకు పోతే చక్కెరగనే మారుతది, ఖర్జూరల్ల డెబ్బై శాతం పైన పిండిపదార్థమే, మాల్టిటాల్ కూడా కొంత చక్కెర పెంచుతది, ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. మిల్లెట్ కుకీ అన్నా అంతే, కొర్రలైనా, రాగులైనా, మన జొన్నలైనా పొడి పిండిల దాదాపు డెబ్బై శాతం పిండిపదార్థమే. పీచు ఎక్కువ, ఆకలి ఆగుతది, అందుకే జొన్న రొట్టె మంచిదంటం, అంతేగాని అది కార్బ్ లేని తిండి కాదు, ఇంక దాంట్ల బెల్లం, నూనె కలిపి కుకీ చేస్తే అది కుకీనే.

చక్కెరకు బదులు వేసుకునే స్టీవియా, ఎరిత్రిటాల్, సుక్రలోజ్ లాంటివి వెంటనే చక్కెర పెంచవు, చాయ్ మానలేనోళ్లకు కొన్ని రోజులు ఊతం అయితయి. కానీ బరువు తగ్గడానికి స్టీవియా, సుక్రలోజ్ లాంటి తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల చెప్పింది. నా మాట కూడా అదే. రోజూ మూడు పూటలు తీపి రుచి తగులుతుంటే నాలుక ఎప్పుడు మారుతది? అసలు లడ్డు కోసం తపన అట్లనే ఉంటది, నకిలీ లడ్డు నాలుగు తిన్నా తీరదు. నెలకొకసారి ఇంటికి పోయినప్పుడు అమ్మ చేసిన నువ్వుల ముద్ద ఒకటి తిను, అది ఈ ప్యాకెట్‌కన్న వెయ్యిపాళ్లు నయం.

డార్క్ చాక్లెట్ మంచిదే, 80 శాతం పైన కోకో ఉన్నది తెచ్చుకుని రాత్రి తిండి అయినంక ఒకటి రెండు బిళ్లలు. ఉత్త ఆకలి మీద తినకు, బార్ మొత్తం పోతది. సాయంత్రం ఆఫీస్‌ల ఏదన్న నమలాలనిపిస్తే మన పాలమూరు పల్లీలు ఒక పిడికెడు వేయించుకుని పెట్టుకో, వంద గ్రాములల్ల పాతిక గ్రాములు ప్రోటీనే. అయితే వంద గ్రాములకు 560 కేలరీల పైన ఉంటయి, కవరు ముంగట పెట్టుకుని కూర్చుంటే కష్టం.

మా బాపుకు అరవై ఏండ్లు, పదేండ్ల నుంచి షుగర్, రోజూ గోలీలు వేసుకుంటడు. నన్ను చూసి తాను కూడా అన్నం పూర్తిగ బంద్ పెట్టిండు, బరువు తగ్గుతున్న అని సంబురపడుతుండు. ఉగాదికి మాత్రం పోలెలు (బొబ్బట్లు) నెయ్యి పోసుకుని తింటనంటుండు. తినొచ్చా అక్కా? — సూర్యాపేట

చెల్లె, పోలె కన్న ముందు గోలీల సంగతి. షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు, ఇన్సులిన్ తీసుకునేటోళ్లు డాక్టర్‌కు చెప్పకుండ అన్నం ఒక్కసారి బంద్ పెట్టొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు, ఇన్సులిన్ మనం తిన్నా తినకున్నా చక్కెరను కిందికి గుంజుతయి. తిండిల కార్బ్ తగ్గినప్పుడు మందు డోసు కూడా తగ్గాలె, అది డాక్టరే తగ్గించాలె. లేకుంటే చేతులు వణుకుడు, చల్ల చెమటలు, కండ్లు తిరుగుడు, మాట తడబడుడు మొదలైతది. షుగర్ చూసే మిషన్‌ల 70 కన్న తక్కువ చూపిస్తే అది డేంజర్, ఆ టైంల డైట్ గియిట్ చూడొద్దు, మనిషి తెలివిల ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె, పావుగంటకు మళ్ల చూడాలె, పెరగకపోతే మళ్ల ఇయ్యాలె. తెలివి తప్పితే నోట్లె ఏమీ పొయ్యొద్దు, వెంటనే దవాఖానకు తీస్కపోవాలె.

ఇంకొకటి, చిట్టీ మీద గోలి పేరు చివరల ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అట్ల, ఆ గోలి వేసుకుంట కార్బ్ బాగ తగ్గిస్తే చక్కెర నార్మల్‌గ కనిపిస్తుండంగనే రక్తంల ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగొద్దు. కిడ్నీ సమస్య ఉంటే మాంసం, గుడ్లు ఎంత తినాలన్నది కూడా డాక్టర్‌నే అడగాలె. ఈ వారమే బాపును తీస్కపో, ఏం తింటున్నడో ఒక కాగితం మీద రాసుకుని పో.

డాక్టర్ డోసు సరిచేసినంక ఉగాది నాడు ఒక పోలె తినొచ్చు. ముందు కూర, పెరుగు తిని, ఆఖరికి పోలె, అన్నం ఆ పూట వద్దు. పోలెల శనగపప్పు ఉంది కాబట్టి నడుస్తదంటరు చాలామంది, కానీ పప్పుతోటి సమానంగ బెల్లం పడతది, పైపొర మైదా. పైపొర పల్చగ, పూర్ణంల బెల్లం కొద్దిగ తక్కువ పెట్టి బాపుకు వేరేగ ఒకటి చెయ్. తిన్నంక వాకిట్ల పదిహేను నిమిషాలు నడవాలె. తిన్న రెండు గంటలకు మిషన్‌తోటి చూసి రాసిపెట్టు, ఒక పోలెకు ఆయన ఒంట్లె ఎంత పెరుగుతదో మీకే తెలుస్తది.

నాది దేవరకొండ దగ్గర. పెండ్లిళ్ల సీజన్‌ల వారానికి రెండు దావత్‌లు. పోతే బగార, మటన్, డబుల్ కా మీఠా. వద్దంటే ‘షుగర్ వచ్చిందా బిడ్డా’ అంటరు, ‘మా ఇంట్ల తినవా’ అంటరు. ఒక్కోసారి కల్లు కూడా. ఏం చెయ్యాలె?

అన్నా, దావత్‌ల మనకు అనుకూలమే ఎక్కువ. మటన్ ఉంది, తలకాయ కూర ఉంది, బోటి ఉంది, కోడికూర, ఉల్లిగడ్డ, పెరుగు చట్నీ ఉన్నయి. ఇవన్నీ తక్కువ కార్బే. ముందు ముక్కలు, ఉల్లిగడ్డ పెట్టించుకుని నెమ్మదిగ తినండ్రి, ఆ తర్వాత బగార రెండు గరిటెలు. కడుపు సగం నిండినంక అన్నం ఎంత పడాల్నో అంతే పడతది. వడ్డించే పిలగాండ్లు ఖాళీ ప్లేట్ చూస్తే ఆగరు, అడగకుండనే గుప్పున పోస్తరు, అందుకే ఒక అంచుకు కొద్దిగ కూర ఉంచుకుని తినండ్రి, ఎవ్వరూ మళ్ల వెయ్యరు. డబుల్ కా మీఠా గానీ, ఖుబానీ గానీ రెండిట్ల ఏది ఇష్టమో అది రెండు చెంచాలు, ఇంటోళ్ల ముంగటనే తిని మంచిగుంది అని చెప్పండ్రి. మీరు ఎంత తిన్నరన్నది వాళ్లకు పట్టింపు లేదు, తమ ఇంట్ల తిన్నరా లేదా అన్నదే పట్టింపు. డైట్ చేస్తున్న అని అందరికి చెప్పి చర్చ పెట్టుకోకండ్రి, అది పెట్టేటోళ్లకు కూడా బాధ.

అయితే వారానికి రెండు దావత్‌లంటే నెలకు ఎనిమిది, అన్నిట్ల మీఠా తింటే నడవదు. మేనమామ బిడ్డ పెండ్లి, చిన్నప్పటి దోస్తు ఇల్లు, ఇట్ల గుండెకు దగ్గరోళ్లవి ఒకటి రెండు పట్టుకుని అక్కడ మీఠా తినండ్రి. మిగతా చోట్ల అక్షింతలు వేసి, ముక్క తిని, ఆశీర్వదించి రాండ్రి.

కల్లు సంగతి ఒక్క మాట. తియ్యగ ఉన్న కల్లుల చక్కెర ఉంటది, పులిసిన కొద్ది చక్కెర తగ్గి ఆల్కహాల్ పెరుగుతది, ఆల్కహాల్‌కు గ్రాముకు ఏడు కేలరీలు, రెండూ లెక్కలకే. తెలిసిన గౌండ్ల ఇంటి చెట్టు కల్లు పండుగకు ఒక గ్లాసు తాగిన్రంటే సరే. దుకాణంల దొరికే మందు కల్లు మాత్రం డైట్ ఉన్నా లేకున్నా తాగొద్దు, మన దిక్కు ఆ కల్తీతోటి పిచ్చిలేసినట్టై దవాఖానల పడ్డోళ్లు ఎంతమందో మీకూ ఎరికే.

మేడమ్, మా పాపకు పదహారేండ్లు, మిర్యాలగూడల ఇంటర్. ఫోన్‌ల చూసి అన్నం, చక్కెర బంద్ పెట్టింది. ఆదివారం రాత్రి అందరం పండుకున్నంక స్వీట్ డబ్బ మొత్తం తింటుంది, తెల్లారి ఏమీ తినదు. అడిగితే ఏడుస్తది.

అమ్మా, ఈ పేజీల నేను పైన రాసిందేది మీ పాపకు కాదు. పదహారేండ్లకు ఒళ్లు ఇంకా ఎదుగుతుంటది, ఎముకలు గట్టిపడుతుంటయి, డాక్టర్ చెప్తే తప్ప ఆ వయసుల అన్నం బంద్ పెట్టే డైట్ వద్దు. ఆరు రోజులు ఉపాసం ఉంచితే ఏడో రోజు ఒళ్లు తిండి కోసం కొట్లాడుతది, అది ఆమె తప్పు కాదు, తిట్టకుండ్రి, డబ్బలు తాళం వెయ్యకుండ్రి. మూడు పూటలు కడుపునిండ పెట్టుండ్రి, అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు. స్వీట్ చేసిన రోజు అందరికి పెట్టినట్టే ఆమెకు కూడా పళ్లెంల పెట్టుండ్రి, వెలుతురుల, అందరి నడుమ. తినాలె అని గాని, చాలు అని గాని అనకుండ్రి.

తిన్నంక బాత్రూంకు పోయి వాంతి చేసుకుంటున్నా, నెలసరి తప్పుతున్నా, కండ్లు తిరుగుతున్నా ఆలస్యం చెయ్యొద్దు, డాక్టర్‌కు చూపియ్యాలె, అవసరమైతే మానసిక వైద్యులకు కూడా. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416, ఫ్రీగ మాట్లాడొచ్చు, తెలుగుల మాట్లాడతరు, మీరు కూడా చేసి ఎట్ల మాట్లాడాల్నో అడగొచ్చు. చుట్టాలొచ్చినప్పుడు పిల్ల లావైంది, సన్నమైంది అన్న ముచ్చట మాత్రం మీ ఇంట్ల ఇయ్యాల్టి నుంచే బంద్ చేయించుండ్రి, అది ఎవరన్నా సరే, మీ అమ్మైనా సరే.